ఆన్ చేస్తే కుళ్లాయప్ప

జనవరి 19, 2004

పొద్దున్నే షాపు ముందు జీపు ఆగింది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, వాళ్ల మధ్యలో దుప్పటి కప్పుకొని ఒకటి. పక్కనున్న బట్టల షాపు షట్టరు సగానికి దిగింది. ఎదురు టీ బంకులో స్టవ్ ఆరిపోయింది. మా ప్రొద్దుటూరు వాళ్లకు దుప్పటి కింద ఏముందో ఊహించడం బాగా అలవాటు. కంప్యూటర్ అని మాత్రం ఎవరూ అనుకోలేదు.

జమ్మలమడుగు అవతల సంజీవయ్య ఇంటి నుంచి వచ్చింది. సంజీవయ్య నాలుగు ఊళ్లకు నాయకుడు. ఐదో ఊరికి పోవాలంటే ఇంకో జీపు తోడు కావాలి. కంప్యూటర్ ఆయనది కాదు, తమ్ముడు చెన్నకేశవది. చెన్నకేశవను రెండేళ్ల కింద సింహాద్రిపురం దారిలో చంపేశారు. మొదటి ముద్దాయి అవతలి వర్గం నాయకుడు కుళ్లాయప్ప. కేసు నడుస్తూనే ఉంది. ముద్దాయి కూడా షుగరు తగ్గడానికి రోజూ పొద్దున నడుస్తూనే ఉన్నాడు.

మదర్‌బోర్డు పోయింది. కెపాసిటర్లన్నీ పొట్టలు ఉబ్బి, తలలు పగిలి ఉన్నాయి. "బోర్డు మారిస్తే సాలు, రెండు దినాల్లో ఇస్తా" అన్నాను. ఆ రెండు దినాల మాట నా నోట్లో ఎందుకు పుట్టిందో నాకే తెలియదు.

నేను ఏ పార్టీ కాదు. షాపులో ఇద్దరి క్యాలెండర్లూ ఉన్నాయి. ఒకరి మనుషులు వస్తే రెండోదాన్ని గోడవైపు తిప్పుతాను. దిల్షాద్ దీన్ని పిరికితనం అంటుంది. నేను వ్యాపారం అంటాను. పెళ్లయినప్పటి నుంచి ఈ విషయంలో మాకు రాజీ కుదరలేదు.

జనవరి 20

చెన్నకేశవ భార్య నిర్మలమ్మ ఫోన్ చేసింది.

"యూనుస్ బాయ్, అందులో ఏదీ కదలగూడదు. ఆయన ఎట్ల పెట్టినాడో అట్లే ఉండాల."

"ఫోటోలన్నీ సీడీలో ఎక్కించి ఇస్తానక్కా. ఆ తర్వాత ఫార్మాట్ కొట్టి..."

"ఫార్మాట్ అంటే ఏందిప్పా?"

"అంతా తుడిచేసి కొత్తగా..."

"తుడిచేదేంది? నేను సెప్పిందేంది?"

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. అందులో గోలీని పైకి ఎగరేసే పిన్‌బాల్ ఆట ఉంది. చెన్నకేశవ అన్నం తిని కూర్చుంటే అదే ఆట. ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్ల పేర్లు వరసగా కనబడతాయి, అన్నిటికంటే పైన ఆయన పేరు. ఇంటి పనయ్యాక ఈమె కూడా రోజూ ఆడుతుందట. "ఆయన పాయింట్ల దగ్గరికి పోతాననంగా ఆపేస్తా. ఆయన పేరు పైనే ఉండాల."

నలుగురు మనుషులు వెంట లేనిదే చెరుకు తోటకు కూడా పోనివాడు ఇంట్లో కూర్చుని గోలీ ఎగరేసేవాడంటే నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక నవ్వు పోయింది. ఆ పాయింట్లు కంప్యూటర్ ఏ మూల దాచుకుంటుందో నాకు తెలియదు. ఇన్నేళ్లుగా వచ్చిన ప్రతి రోగానికీ నా దగ్గర ఉన్న మందు ఒకటే, ఫార్మాట్. దాన్ని ఊళ్లో అందరూ రిపేరు అంటారు. నేనూ వద్దనలేదు.

జనవరి 22

అది పెంటియం త్రీ. దానికి సరిపోయే బోర్డులు తయారు కావడం మానేశాయి. హైదరాబాద్ డీలరు ఫోన్‌లోనే నవ్వాడు. పులివెందులలో ఒకతని దగ్గర ఉందంటే బస్సెక్కి పోయాను. అతని బోర్డు కూడా ఉబ్బే ఉంది. నన్ను చూసి, నా దగ్గరేమైనా ఉందా అని అడిగాడు.

తిరిగొచ్చి మా అటక మీద వెతికితే ఒకటి దొరికింది. పాత ఎక్స్ఛేంజి సరుకు. ఎవరు ఇచ్చిందో గుర్తు లేదు. బోర్డుకు కులమా, పార్టీనా.

జనవరి 23

బోర్డు బిగించి బటన్ నొక్కాను. ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ సగం. మధ్యాహ్నం దాకా పవర్ సప్లైని తిట్టాను, దాన్ని అమ్మినవాణ్ని తిట్టాను. చివరికి బోర్డు ఊడదీస్తే అడుగున ఇత్తడి బుడిపె ఒకటి నిలబడి ఉంది. పాత బోర్డుకు అక్కడ స్క్రూ రంధ్రం ఉంది, దీనికి లేదు. బుడిపె తగిలి షార్ట్ అవుతోంది. తీసేస్తే ఫ్యాను తిరిగింది. నా పనితనానికి నేనే టీ చెప్పించుకున్నాను.

జనవరి 24

ఫ్యాను తిరుగుతోంది. తెర నల్లగా ఉంది. బీప్ బీప్‌మని ఒకటే అరుపు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి జీపు షాపు ముందుగా మెల్లగా పోయింది. నాకేం భయం లేదు.

జనవరి 25

ర్యామ్ తీసి, దాని పసుపు పళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. అరుపు ఆగింది. తెర వెలిగింది.

తెర నిండా కుళ్లాయప్ప.

దండం పెడుతున్నాడు. నవ్వుతున్నాడు. ఆకుపచ్చ మీసంతో.

షట్టరు దించాను. అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు కుళ్లాయప్ప పుట్టినరోజుకు వాళ్ల పార్టీ ఆఫీసు వాళ్లు కొత్త కోరికతో వచ్చారు. ఫ్లెక్సీలు అందరూ కట్టిస్తారు, మా అన్న కంప్యూటర్ ఆన్ చేస్తూనే కనపడాల అన్నారు. విండోస్ కంటే ముందు బోర్డు కంపెనీ బొమ్మ ఒకటి వస్తుంది కదా, దాని స్థానంలో అన్నను పెట్టమన్నారు. కంప్యూటర్ పత్రికలో చదివి నేర్చుకున్న విద్య. జిల్లాలో ఇంకెవరికీ రాదని విర్రవీగుతూ బోర్డు లోపలి చిప్‌లోనే ఎక్కించాను. పదహారు రంగులకంటే ఎక్కువ పట్టవు కాబట్టి మీసం ఆకుపచ్చయింది. పార్టీ రంగు కాదని వాళ్లు కాస్త గొణిగారు గానీ శాలువా కప్పారు. తర్వాత కొత్త కంప్యూటర్ కొనుక్కుని ఆ పాతది నాకే ఇచ్చేశారు. నేను అటక మీద పెట్టాను.

అంటే, హతుడి కంప్యూటర్‌లో మొదటి ముద్దాయిని నా చేతులతో నేనే స్క్రూలేసి బిగించాను. అదీ గట్టిగా.

ఇంత జరిగి విండోస్ వచ్చిందా అంటే అదీ లేదు. కుళ్లాయప్ప పోగానే నీలం తెర, ఇంగ్లీషులో తిట్లు.

జనవరి 27

కంపెనీ బొమ్మ మళ్లీ ఎక్కించి కుళ్లాయప్పను శాశ్వతంగా తుడిచేయవచ్చు. ఎక్కించే మధ్యలో కరెంటు పోతే బోర్డు చస్తుంది, ఇంకో బోర్డు భూమ్మీద లేదు. పక్కన కలమల్లలో అంత పెద్ద కరెంటు ప్లాంటు ఉంది. ఆ పొగ మాకు, కరెంటు ఎవరికో.

అందుకని ముందు నీలం తెర సంగతి చూశాను. విండోస్ పాత బోర్డుకు అలవాటు పడింది, కొత్త బోర్డులో డిస్కును గుర్తుపట్టడం లేదు. తుడవకుండా బాగు చేసే దారి విండోస్ సీడీలోనే ఉంది. మొదటిసారి రిపేరు అని అడిగితే వద్దనాలి. రెండోసారి అడిగితే సరేననాలి. తారుమారైతే అంతా పోతుంది. చెన్నకేశవ పేరు పోతుంది. నిర్మలమ్మకు ఏం చెప్పాలి? ఆ మీట నొక్కే ముందు ఎంతసేపు కూర్చున్నానో రాయడం ఇష్టం లేదు.

తెరుచుకుంది. పచ్చటి చేను ఫోటో మీద ఐకాన్లన్నీ ఆయన పెట్టిన చోటే ఉన్నాయి. పిన్‌బాల్ తెరిచాను. అన్నిటికంటే పైన ఇంగ్లీషు అక్షరాల్లో చెన్న. కింద నాలుగు వరసలూ నిర్మల, నిర్మల, నిర్మల, నిర్మల. అందులో ఒకటి ఆయనకు ఇంత దగ్గరగా వచ్చి ఆగింది. షాపులో ఎవరూ లేరు కాబట్టి కళ్లు తుడుచుకున్నాను.

జనవరి 28

బోర్డు సెట్టింగుల్లో వెతికితే, మొదట్లో బొమ్మ చూపించాలా వద్దా అని ఒక వరస ఉంది. వద్దన్నాను. కుళ్లాయప్ప మాయం. జీవితంలో ఇంత సులువుగా ఏ నాయకుడూ పోలేదు.

ఆ సెట్టింగు గుర్తుండాలంటే బోర్డు మీద బిళ్లంత సెల్లు ఒకటి బాగుండాలి. కొత్తది వేయాలి. పాతది కూడా బాగానే ఉన్నట్టుంది. జీపు వచ్చి నిలబడింది, ఇచ్చి పంపించేశాను.

ఫిబ్రవరి 3

నిన్న బక్రీద్. ఈ రోజు ఫోన్.

"యూనుస్ బాయ్, రెండు దినాలు కరెంటు లేకుండె. ఇప్పుడు ఆన్ చేస్తే వాడొచ్చినాడు."

"ఎవరక్కా?" అన్నాను. నాకు తెలియనట్టు.

"నా మొగుణ్ని సంపించినోడు. దండం పెడతాండాడు."

సెల్లు చచ్చింది. బోర్డు తన సెట్టింగులన్నీ మరిచిపోయింది, కుళ్లాయప్పను తప్ప.

"వైరస్ అక్కా" అన్నాను.

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "నేనింగ దాన్ని ఆన్ చేసేది లేదు" అంది. ఫోన్ పెట్టేసింది. రెండేళ్లుగా మొగుడి పేరు చూసుకోవడానికి ఆమెకున్నది ఆ ఒక్క కిటికీ. దాన్ని నేను మూశాను.

ఫిబ్రవరి 4

పులివెందులలో పెద్దమ్మ కొడుకు దగ్గర కొన్నాళ్లు ఉండి వస్తానని దిల్షాద్‌తో అన్నాను. గాలి మార్పు కోసం.

"పో. నువ్వు పోతే వాళ్లకు అనుమానం తీరిపోతుంది" అంది.

పోలేదు. గాలి ఇక్కడా బాగానే ఉంది.

ఫిబ్రవరి 7

జీపు వచ్చింది. ఈసారి దుప్పటి లేదు. అన్న రమ్మన్నాడన్నారు. ఎక్కాను. బట్టల షాపు షట్టరు ఈసారి పూర్తిగా దిగింది.

సంజీవయ్య వరండాలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద కుళ్లాయప్ప ఆకుపచ్చ మీసంతో వచ్చి పోయాడు. సంజీవయ్య ఆపి, మళ్లీ ఆన్ చేశాడు. మళ్లీ వచ్చాడు. నేను మనసులో, ఆఖరి ఘడియల్లో చదివే కలిమా చదువుకుంటున్నాను.

"ఇది నువ్వేనా పెట్టింది?"

"అన్నా, అదీ..."

"శానా బాగుండాది రా!" అని వీపు మీద చరిచాడు. "నీకు ముందే ఎట్ల తెలిసె? ఇంగా పేపర్లో గూడా పడలేదే!"

రాజీ అయిందట. టికెట్ల పంపకంలో పైవాళ్లు ఇద్దరినీ కూర్చోబెట్టారట. సంజీవయ్య పార్టీ మారి కుళ్లాయప్ప పార్టీలోకి పోతున్నాడు. కేసులో సాక్షులకు జ్ఞాపకశక్తి తగ్గుతుంది. ఊళ్లు ప్రశాంతంగా ఉంటాయి. అంతా జనం కోసం.

"ఇరవయ్యో తేదీ శుక్రవారం కుళ్లాయప్పన్న మా ఇంటికి బువ్వకు వస్తాండాడు. ఆ పొద్దు నేను బటన్ నొక్కుతా, ఆయన కనపడాల. సచ్చిన తమ్ముని కంప్యూటర్లో ఆయన్ను పెట్టుకుంటిమంటే, ఇంగ మన మనసులో ఏమీ లేదని అర్థమవుతాది గదప్పా."

పని కూడా ఇచ్చాడు. రెండు వర్గాల ఊళ్లలో పార్టీ పని జరిగే కంప్యూటర్లన్నిటిలో ఇద్దరు నాయకులూ చేతులు కలిపిన ఫోటో పెట్టాలి. నేను ఏ పార్టీ కాదు కాబట్టి అందరికంటే నేనే తగినవాణ్నన్నాడు. ఇన్నేళ్ల నా తటస్థానికి గుర్తింపు దొరికింది.

బయటికి వస్తుంటే నిర్మలమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉంది.

"వైరస్ అంటివి" అంది.

తల దించుకున్నాను. "తప్పు నాదేనక్కా. బోర్డు చూసుకోకుండా పెట్టినా."

"తీసేయ్ బాయ్. మా బావకు సెప్పొద్దు."

నేను మజ్జిగ మొత్తం తాగాను, జవాబు చెప్పకుండా ఉండటానికి.

ఫిబ్రవరి 12

వీరపునాయునిపల్లె, సింహాద్రిపురం, మధ్యలో ఊళ్లు. ప్రతి తెర మీదా ఇద్దరు నాయకులను కలుపుతూ పోతున్నాను. ఇద్దరి నవ్వులూ వేరే వేరే ఫోటోల నుంచి తెచ్చి అతికించినవి. అతుకు కనపడకుండా చేయడానికి శానా కష్టపడ్డాను. మంచి బేరం.

ఫిబ్రవరి 14

ఆ బొమ్మ తీయడం సాంకేతికంగా చాలా కష్టం. చిప్ సంగతి. ప్రమాదం.

ఫిబ్రవరి 17

దిల్షాద్‌కు కూడా అదే చెప్పాను, సాంకేతికంగా కష్టమని.

"ఒకసారి తీసి ఇచ్చినావు కదా" అంది, ఉల్లిపాయలు తరుగుతూ. "అప్పుడు కష్టం కాలేదే. అప్పుడు నీ భయం కోసం తీసినావు, ఇప్పుడు ఆయమ్మ కోసం తీయాల. అదే కదా కష్టం?"

నేను అన్నం తినకుండా లేచాను. ఆకలి లేదని కాదు.

ఫిబ్రవరి 19

కొత్త సెల్లు జేబులో వేసుకుని, రేపటికి ఒకసారి చూసుకోవాలని చెప్పి పోయాను. సంజీవయ్య షామియానా దగ్గర ఉన్నాడు. సెల్లు మార్చాను. బొమ్మ వద్దన్నాను. ఒక్క మీట. దీనికోసం నేను పన్నెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

నిర్మలమ్మ వెనక నిలబడి చూసింది. ఆన్ చేశాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు, ఆ వెంటనే పచ్చటి చేను.

"పోయినాడా?"

"కనపడడక్కా. లోపల చిప్‌లో మాత్రం ఉంటాడు. పూర్తిగా తుడిస్తే బోర్డే పోవచ్చు."

"లోపలుంటే ఉండనీ" అంది. "ఈ ఇంట్లో నేను గూడా అట్లనే ఉండా."

రేపు బటన్ నొక్కినప్పుడు ఏమవుతుందో ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరి 20

జుమ్మా నమాజ్ చేసుకుని పోయాను. దువాలో ఏం అడిగానో అల్లాకు తెలుసు, కరెంటు పోవాలని. పోలేదు. ఎప్పుడూ పోయే కరెంటు.

సంగటి, పొట్టేలు కూర. మాలో ఒకాయనను పిలిచి హలాల్ చేయించారు. ఎన్నికలు అంత దగ్గరికి వచ్చాయి. కుళ్లాయప్పను దగ్గరగా చూడటం అదే మొదలు. మీసం నల్లగానే ఉంది.

భోజనం మధ్యలోనే సంజీవయ్య లేచి చేయి కడుక్కున్నాడు. "అన్నా, నీకొకటి సూపియ్యాల" అని బటన్ నొక్కాడు. యాభై మంది మెడలు సాచారు. నల్ల తెర. తెల్ల అక్షరాలు. పచ్చటి చేను.

"ఏంది సూడాల్సింది?" అన్నాడు కుళ్లాయప్ప. "చేనా?"

సంజీవయ్య మళ్లీ ఆపి ఆన్ చేశాడు. మళ్లీ చేను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వంటింటి గుమ్మం వైపు తిరిగాడు. "ఎవురు ముట్టుకున్యారు దీన్ని? నిర్మలా, నువ్వేనా?"

వైరస్ అనే మాట నా నాలుక మీద సిద్ధంగా ఉంది. సెల్లు అనే మాట కూడా ఉంది. రెండూ మంచి మాటలు, ఎవరికీ అర్థం కావు. నిర్మలమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె అవునని చెప్పబోతోందని నాకు అర్థమైంది.

"నేనే తీసినా" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు సంజీవయ్య.

"ఇది చెన్నకేశవన్న కంప్యూటర్. ఆయన ఇట్ల పెట్టుకోలేదు."

విస్తళ్ల ముందు చేతులన్నీ ఆగిపోయాయి. కుళ్లాయప్ప నన్ను చూశాడు, తెరను చూశాడు. తర్వాత పెద్దగా నవ్వి, "నిజమే లేప్పా, పెరుగు పొయ్‌మను" అన్నాడు. పెరుగు పోయించుకున్నాడు గానీ తినలేదు. నేను బయల్దేరేటప్పుడు సంజీవయ్య నా భుజం మీద చేయి వేసి నడిపించాడు.

"షాపు బాగా నడుస్తాందా యూనుసూ?"

"నడుస్తాందన్నా."

"అట్లనా" అన్నాడు. ఇంటికి బస్సులో వచ్చాను.

ఫిబ్రవరి 24

ఫోటోల పని ఆగిపోయింది. ఓటరు స్లిప్పుల ప్రింటింగ్ వేరేవాళ్లకు పోయింది. షాపు అద్దెకిచ్చిన ఓనరు వచ్చి తన మేనల్లుడు ఇక్కడ స్వీట్లంగడి పెట్టుకోవాలనుకుంటున్నాడని, నన్నేమీ తొందర పెట్టడం లేదని చెప్పాడు.

ఇదివరకు ఒక వర్గానికి కోపమొస్తే రెండో వర్గం పిలిచి పని ఇచ్చేది. ఇప్పుడు ఇద్దరూ ఒకటే, కోపం కూడా ఒకటే. రాజీ వల్ల జిల్లాలో నష్టపోయినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటా.

దిల్షాద్ మాత్రం రోజూ నాకు ఇష్టమైన కూరే చేస్తోంది. ఎందుకని అడిగితే వంకాయలు చవకగా వచ్చాయంటుంది.

ఫిబ్రవరి 27

ఎవరూ రాలేదు.

మార్చి 1

మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. సింహాద్రిపురం నుంచి బస్సులో, ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని వచ్చింది. పేరు బాలనాగమ్మ అని చెప్పింది. ఇంట్లో కొడుకు కంప్యూటర్ ఉంటే పార్టీ పనికి వాడుకున్నారట, పోయిన నెల ఎవరో వచ్చి ఫోటో పెట్టి పోయారట. ఆ ఎవరో నేనే. ఆమె అప్పుడు ఇంట్లో లేదు.

"కుళ్లాయప్ప పక్కన ఆ ఇంకొకడు ఉండాడే, సంజీవయ్య, వాణ్ని తీసేయప్పా. మా ఆయన్ను సంపిన కేసులో మొదటి పేరు వాంది. రెండోది వాని తమ్ముంది."

"తమ్ముడంటే?"

"చెన్నకేశవ."

గోలీ ఎగరేసుకునే మనిషి.

"నేను తీస్తానని మీకు ఎవరు చెప్పినారమ్మా?"

"నిర్మలమ్మ."

"ఏ నిర్మలమ్మ?" అని అడిగాను, తెలిసి తెలిసి.

"ఇంగెవురు, చెన్నకేశవ పెండ్లాము. మా ఆయన పోయినప్పుడు ఆ ఇంట్లో నుంచి దొంగతనంగా ఫోన్ చేసి ఏడిసింది. మల్లా యాడాదికి ఆమె మొగుడు పోయినప్పుడు నేను చేస్తి. అప్పటి నుంచి మాట్లాడుకుంటానే ఉండాం." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ మొగోళ్లు మొన్న అయినారు గానీ, మేం రాజీ అయ్యి శానా దినాలయిందిప్పా."

కుర్చీ తుడిచి కూర్చోమన్నాను.